పద్నాలుగో టేకు

"కట్!" అంది దర్శకురాలు. అరవడానికి కూడా ఓపిక లేదు ఆమెకి.

పదమూడోసారీ అదే వరస. మూతబడ్డ రంగుల ఫ్యాక్టరీ లోపల్నుంచి ఆమె తండ్రి గ్లాసుతో బయటికి వచ్చాడు. గేటు దగ్గర ఆగాడు. "ఈ నీళ్ళకేం రోగం? చూడండి, నేను తాగట్లేదూ!" అని చెప్పాల్సిన మాట చెప్పాడు. అక్షరం పొల్లుపోలేదు. గ్లాసు మాత్రం పెదవుల దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

గేటుకి ఇవతల బకెట్లు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళకి పొద్దుటి నుంచీ కోపం నటించీ నటించీ నిజంగానే కోపం వస్తోంది. ఒకామె బకెట్టు బోర్లించుకుని దాని మీదే కూలబడింది.

కెమెరామన్‌ని యూనిట్లో అందరూ గడియారం అంటారు. ఎండని చూసి నిమిషాలతో సహా టైము చెప్పేస్తాడు. "ఇంకో ఇరవై నిమిషాలు మేడమ్. ఆ తర్వాత వెలుతురు లేదని నన్ను తిట్టొద్దు. రేపు చూద్దామంటే రేపు ఈ గేటే ఉండదు. కూల్చేవాళ్ళు పొద్దున్నే దిగుతారు," అన్నాడు.

"తెలుసు."

"పోనీ, ఈ ఒక్క సీనుకీ ఎవరైనా నటుణ్ణి..."

"వద్దు. ఆ రోజు తాగిన మనిషే తాగాలి."

ఆమె పంతం ఆమెది. ఒకప్పుడు ఈ ఫ్యాక్టరీ బోరు నీళ్ళే వీధికంతా తాగే నీళ్ళు. అవి రంగు తిరిగాయని జనం గేటు మీదికి వచ్చిన రోజు, సూపర్‌వైజరుగా ఉన్న ఆమె తండ్రి లోపల్నుంచి గ్లాసుతో వచ్చి, అందరి ముందూ గటగటా తాగి చూపించాడు. ఆయన తాగాడన్న ధైర్యంతో జనం వెనక్కి తగ్గారు. ఆమె తల్లి ఆ సాయంత్రమే రెండు బకెట్లు పట్టుకుంది. మూడేళ్ళు తిరక్కుండా మంచం పట్టి పోయింది. ఆ వీధి ఇప్పటికీ ఆయన పేరెత్తితే మెటికలు విరుస్తుంది. మా నాన్నా ఆ నీళ్ళే తాగాడు, ఆయన్నీ మోసం చేశారు అని ఆ వీధికి చెప్పడానికే ఆమె ఈ సినిమా మొదలుపెట్టింది. అందుకు ఆమె దగ్గరున్న సాక్ష్యం ఆ ఒక్క గ్లాసు.

తండ్రి గేటు పక్క దిమ్మె మీద కూర్చున్నాడు. గ్లాసు రెండు చేతుల్లోనే ఉంది.

"కాళ్ళు నొప్పా నాన్నా?"

"లేదమ్మా."

"డైలాగు మార్చమంటావా?"

"డైలాగు బానే ఉంది."

"మరి?"

ఆయన గ్లాసులో నీళ్ళ వంక చూశాడు.

సెట్టు సామాన్లన్నీ చూసుకునే బాబాయ్‌కి ఇక ఉండబట్టలేదు. ఆయన్ని యూనిట్టంతా బాబాయ్ అనే పిలుస్తుంది. "ఆయనకి నా మీద నమ్మకం లేదమ్మా! నిజంగానే మురికినీళ్ళు పోశాననుకుంటున్నాడు," అంటూ సంచీలోంచి సీల్ తియ్యని సీసా తీశాడు. అందరికీ కనిపించేలా మూత తిప్పాడు. ఇంకో గ్లాసులో నీళ్ళు పోసి, రంగు కోసం రెండు చెంచాలు టీ డికాక్షన్ కలిపి, ఎత్తిన గ్లాసు దించకుండా తాగేశాడు. "చూశారా సార్? నాకేమైనా అయిందా? ఇంకో గ్లాసు తాగమంటారా?"

బకెట్ల ఆడవాళ్ళు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వారు. గడియారం కూడా నవ్వాడు. తండ్రి నవ్వలేదు. బాబాయ్ గొంతు వంకే చూస్తూ ఉండిపోయాడు.

కూతురికి ప్రాణం విసిగిపోయింది. కోప్పడదామనే వెళ్ళింది గానీ, గ్లాసుని ఇంకా వదలని ఆయన వేళ్ళు చూశాక నోరు రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"అమ్మ గుర్తొస్తోందా?"

ఆయన తలూపాడు.

"నాకూ వస్తోంది. పొద్దుటి నుంచీ ఏడుపు బిగబట్టుకుని తిరుగుతున్నాను. ఈ ఒక్క సీను అయిపోతే, ఇద్దరం ఇంటికెళ్ళి కరువుతీరా ఏడుద్దాం. కానీ ఇది అవ్వాలి నాన్నా. ఇన్నేళ్ళూ నువ్వు తలదించుకుని ఆ వీధిలో నడుస్తుంటే చూడలేక చచ్చిపోయాను. ఒక్క గుక్కతో ఆ నింద పోతుంది."

"పోతుందంటావా?"

"పోకుండా ఎక్కడికెళ్తుంది? ఆ రోజు నిజమైన విషాన్ని అంత ధైర్యంగా తాగినవాడివి. ఇవి ఉత్త సీసా నీళ్ళు. వీటికింత ఆలోచన దేనికి?"

తండ్రి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, గ్లాసుతో లేచాడు. "పద. ఇదే ఆఖరు," అన్నాడు.

"అందరూ రెడీ!" అని కేకేసింది ఆమె. ఎక్కడ్నుంచి వచ్చిందో ఆ గొంతు. ఆడవాళ్ళు బకెట్లు అందుకున్నారు. గడియారం ఆకాశం వంక ఒకసారి చూసి కెమెరా మీదికి వంగాడు. పద్నాలుగో టేకు మొదలైంది.

తండ్రి లోపల్నుంచి గ్లాసుతో వచ్చాడు. నడక కుదిరింది. గేటు దగ్గర ఆగాడు. ఆడవాళ్ళు ముందుకి తోసుకొచ్చారు. ఆయన గ్లాసు పైకెత్తాడు.

ఆయన డైలాగు చెప్పలేదు. కెమెరా పక్కనున్న కూతుర్ని వెతుక్కుని, ఆమె వైపు తిరిగాడు.

"ఆ రోజు నేను తాగినవీ సీసా నీళ్ళేనమ్మా. లోపల నా చేత్తో నేనే పోసుకున్నాను."