పక్కన చక్రమున్న కారు

కొండప్పకు కార్ల పిచ్చి పట్టిందని బాగేపల్లి చుట్టుపక్కల అందరికీ రూఢి అయిపోయింది.

కాకపోతే ఏమిటి? శెనక్కాయ చేను కలుపెక్కిపోతుంటే, మనిషి పొద్దస్తమానం బెంగుళూరు రోడ్డు మోరీ గట్టు మీద కూర్చుని, వచ్చే పోయే కార్లకు కళ్ళప్పగించి ఉంటాడు.

"ఈ పొద్దు ఏ కారు కొంటాండావప్పా?" అని దారిన పోయేవాళ్ళు ఆటపట్టించేవారు.

నవ్వి ఊరుకునేవాడు. అతనికి కావలసింది ఒకే ఒక్క కారు.

పచ్చరంగు కారు. దొరల కాలం నాటిది. ఇప్పటి కార్లకు మల్లే డిక్కీలో దాచుకోకుండా, అదనపు చక్రాన్ని ముందువైపు పక్కకు తగిలించుకుని తిరుగుతుందట. దీపాలు రాగిముద్దలంత ఉంటాయట. అందులో కళ్ళ డాక్టరు ఒకాయన బెంగుళూరు నుంచి అనంతపురం పల్లెలకు పోతూ వస్తూ ఉంటాడని, చెయ్యెత్తితే ఆపి చూస్తాడని బస్సు కండక్టరు సీనప్ప చెప్పాడు.

కొండప్ప భార్య యశోదమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఇప్పుడు రెండోది ఎర్రబడింది. దీపం చుట్టూ రంగురంగుల గుండ్రాలు కనిపిస్తున్నాయంటుంది. తల పగిలిపోయే నొప్పి. మురుగమల్ల దర్గాలో మొక్కుకున్నారు. చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో చూపిస్తే బెంగుళూరు పొమ్మన్నారు. ఆ మాటకే ఆమె హడలిపోయింది.

"చస్తే ఈ గుడిసెలోనే చస్తా. ఆ ఊరు నాకొద్దు," అని మొండికేసింది.

అందుకే ఈ కాపలా.

ఒకనాటి మధ్యాహ్నం ఆ కారు వచ్చింది. బెంగుళూరు వైపు పోతూ, కొండప్ప చెయ్యెత్తక ముందే, ఆవిర్లు కక్కుతూ మోరీ దగ్గర ఆగిపోయింది.

డ్రైవరు దిగాడు. చొక్కా చేతులు పైకి మడిచి, ముఖమంతా మసి పూసుకుని ఉన్నాడు.

"నీళ్ళు కావాలప్పా. తొందర."

కొండప్ప బిందెడు నీళ్ళు తెచ్చిచ్చాడు. చూపు మాత్రం వెనక సీటు మీదే. తాలూకా అమల్దారు వచ్చినా, ఓట్లడిగేవాళ్ళు వచ్చినా, పెద్దమనిషి కూర్చునేది అక్కడే కదా. నెరిసిన మీసాలాయన ఒకడు నల్లకోటు కప్పుకుని, తల వెనక్కి వాల్చి ఉన్నాడు. కొండప్పకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

రోడ్డు పక్కనే ఉన్న గుడిసెలోకి పరిగెత్తి యశోదమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఇంట్లో ఉన్న కాసిని పాలూ చెంబులో పోసుకొచ్చి వెనక కిటికీ దగ్గర పట్టుకున్నాడు. డ్రైవరు దాహమంటే మాత్రం, అతనిది ఏ కులమో ఏమోనని దోసిట్లో నీళ్ళు పోశాడు.

"అయ్యా, ఉండేదొక్క కన్ను. మీరే దిక్కు."

వెనక ఉన్నాయన మూలిగాడు. తల అడ్డంగా ఊపాడు. వణికే వేలితో ముందుకు చూపించాడు.

పోనిమ్మంటున్నాడు. కొండప్ప చెంబు ఇంకా ముందుకు చాపాడు.

"అట్లనొద్దు సామీ. ఒక్కసారి చూడండి."

ఇంతలో డ్రైవరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆమెను ఇట్లా వెలుతురుకు తిప్పప్పా," అంటూ యశోదమ్మ కనురెప్ప మీదికి చెయ్యి చాపాడు.

ఆమె చటుక్కున కొంగు అడ్డం పెట్టుకుంది. కొండప్పకు ఒళ్ళు మండింది. ఆ చేతిని విసిరికొట్టాడు.

"ఆడోళ్ళ మొగం మీద చెయ్యేసేదానికి నువ్వెవరప్పా? నీ కారేందో నువ్వు తోలుకో."

"చెప్పేది విను..."

"నీతో నాకేం మాటల్లేవు. నేను అయ్యతో మాట్లాడతాండా."

వెనక సీట్లోంచి పెద్ద మూలుగు వినిపించింది. డ్రైవరు అటు చూశాడు, ఇటు చూశాడు, పరుగున పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పోతూ పోతూ తల బయటపెట్టి ఏదో కేకేశాడు. ఇంజను మోతలో అది వినపడలేదు.

పాలు ముట్టనైనా ముట్టలేదు ఆ పెద్దమనిషి.

మర్నాడు ఆ కారే తిరిగి వచ్చింది. మోరీ దగ్గర ఆగి అదేపనిగా హారను కొట్టింది. కొండప్ప తడిక సందులోంచి చూశాడు. వెనక సీటు ఖాళీ. డ్రైవరొక్కడే దిగుతున్నాడు.

"డాక్టరు లేడు," అన్నాడు కొండప్ప భార్యతో గుసగుసగా. "నిన్న చెయ్యి విసిరికొట్టినా గదా, వీడు జగడానికొచ్చినట్టుండాడు."

"పోయి అడగరాదా, అయ్య మళ్ళీ ఎప్పుడొస్తాడో," అంది యశోదమ్మ.

"నోరు మూసుకోని ఉండు."

డ్రైవరు గుడిసె దాకా వచ్చాడు. "అమ్మా, లోపల ఎవరన్నా ఉండారా?" అని పిలిచాడు. కొండప్ప ఊపిరి బిగబట్టి, భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. చాలాసేపటికి గానీ కారు కదిలిన చప్పుడు కాలేదు.

హమ్మయ్య అనుకున్నాడు, వెర్రి మనిషి.

ఆ వారం తిరక్కుండానే ఒక సాయంత్రం యశోదమ్మ, ఎదురుగా దీపం వెలుగుతుండగా, "ఇంకా దీపం పెట్టలేదా?" అని అడిగింది. కొండప్ప లేచి పోయి, పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాడు.

ఆపైన మోరీ మీద కూర్చోవడం మానేశాడు. ఏ కారు పోయినా తలెత్తలేదు.

ఒకరోజు బస్సు ఆపి సీనప్పే పలకరించాడు.

"ఏమప్పా, ఆ పచ్చకారు దొరికిందా?"

"దొరికె. డాక్టరు కాళ్ళమీద పడినంత పని చేస్తి. వెనక సీట్లో దొర మాదిరి వాలుకోని, కాదు పొమ్మని తల ఊపినాడు. ఆమె కన్ను పాయె. రాతిగుండె మనిషిని చూపిస్తివి గదప్పా నాకు."

సీనప్ప బస్సు మెట్టు దిగి దగ్గరికొచ్చాడు.

"ఆయప్పనట్లా అనొద్దు కొండప్పా," అన్నాడు. "ఆ పొద్దు వెనక సీట్లో ఉండినోడు డ్రైవరు, వానికి గుండెనొప్పి వస్తే బెంగుళూరు ఆస్పత్రికి డాక్టరే కారు తోలుకోని పోయినాడంట."