పేరు చెప్పకూడని నేస్తం

భీమిలిలో ఎర్రబస్సు దిగగానే గంగ, దీపస్తంభం దగ్గర చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్ల వైపు నేరుగా నడిచింది. మొగుడు సోంబరు వెనకే వచ్చాడు.

"మా నేస్తం ఇల్లెక్కడమ్మా? డుంబ్రిగుడ సంతకి ఎండుసేపలు తెస్తాది. నుదిటి మీద పచ్చబొట్టుంటాది."

"పేరేటి?"

ఆ పేరు గంగ పలకకూడదు. పన్నెండేళ్ల కిందట సంతలో, పదిమంది ముందు చీరలు మార్చుకుని ఇద్దరూ నేస్తం కట్టారు. ఆనాటి నుంచి ఒకరినొకరు నేస్తం అనే పిలుచుకోవాలి. పేరు పలికితే నేస్తరికం తెగినట్టే.

"పేరు లేని మనిసి కోసం కొండ దిగొచ్చీసినావేటమ్మా!" అని ఒకామె నవ్వింది.

ఆ నేస్తమే మోసం చేసింది. మాఘమాసంలో ఒక సంతరోజు గంగ కూతురు కనకను తీసుకుపోయింది. పదిహేనేళ్ల గుంట. బస్సులో ఇద్దరినీ చూసినవాళ్లున్నారు. ఆ తర్వాత నేస్తం మళ్లీ సంత ముఖం చూడలేదు.

మొగుడూ పెళ్లాలు సముద్రం వెంట రోడ్డు పట్టారు. ఎర్ర నావలు, పచ్చ నావలు, దొరల కాలం నాటి సమాధులు, నీలం గోడల ఇళ్లు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని సముద్రం పక్కనే ఉరుముతోంది. గంగ కళ్లు మాత్రం గుమ్మాల మీదే ఉన్నాయి. మొదటి పేటలో తెలీదన్నారు. రెండో పేటలో మంచినీళ్లిచ్చి మరీ తెలీదన్నారు. మూడో పేటలో అడగకముందే తలుపులు వేసుకున్నారు.

"పేరు సెప్పీయే," అన్నాడు సోంబరు. "సైత్రం పండగ నాలుగు రోజులే ఉంది. ఈలోగా గుంట ఇంటికాడ లేకపోతే నా పరువేటవుతాది?"

"కనక్కి జొరమొస్తే మూడ్రోజులు ఒళ్లో ఎట్టుకు కూకుంది మావా. దాని పేరెలా సెప్పీది?"

"ఆ ఒళ్లోకే లాక్కుపోనాది."

ఆ మాట గంగకు ములుకులా దిగింది. నాలుగో పేటలో నూతి గట్టెక్కి నిలబడి అరిచింది.

"అచ్చియమ్మ! కన్నోళ్ల కడుపుకొట్టిన అచ్చియమ్మ ఇల్లేదర్రా?"

చేదలు ఆగిపోయాయి. ఒక ముసలమ్మ చివరి ఇంటివైపు చూసి, చప్పున చూపు తిప్పేసుకుంది. అది చాలు గంగకు.

పసుపు గోడల ఇల్లు. గుమ్మంలో వల అల్లుతున్న అచ్చియమ్మ లేచింది.

"నేస్తం..."

"ఆ మాటనకు. తెగిపోనాది. నా పిల్లేది?"

అచ్చియమ్మ గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపింది. గంగ ఆమె జుట్టు పట్టుకుంది.

"అప్పసెల్లెలికన్నా ఎక్కువనుకున్నాను కదే! ఎవులికి అమ్మీసినావే నా పిల్లని?"

లోపల్నుంచి కనక వచ్చింది. ఏడవలేదు. తల్లి పిడికిలిని ఒక్కొక్క వేలే విప్పి, అచ్చియమ్మ జుట్టు విడిపించింది.

"ఈవిడ నన్ను ఎత్తుకురాలేదే అమ్మా, అయ్యా నువ్వూ కలిసి ఆ ఇద్దరు పెళ్లాలున్న ముసిలోడికి నన్నిత్తామని ఆడికాడ్నుంచి ఓలి కింద ఎడ్లు తోలుకొచ్చిన రోజే, నానే ఈవిడ కాళ్లట్టుకుని బస్సెక్కీసినాను."