ఇంటికి కబురు

“ఏ శిక్షయినా వెయ్యండి సార్. హాస్టల్ నుంచి తీసేయండి. మా నాయనకు మాత్రం కబురు పంపొద్దు.”

ఇంద్రసేన చేతులు జోడించాడు. వార్డెన్ శివరామకృష్ణయ్య కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. బళ్లారి కాలేజీ హాస్టల్లో తప్పు చేసి కాళ్లమీద పడ్డ కుర్రాళ్లను ఆయన చాలామందిని చూశాడు. తనను తానే వెళ్లగొట్టమనేవాణ్ణి చూడటం ఇదే మొదలు.

“అయితే యశ్వంతనగర్‌లో ఆ ఇంటికి పోతున్న మాట నిజమే.”

“పోతాండా సార్.”

“ప్రతి ఆదివారమూ?”

“ఊఁ.”

“ఎవరామె?”

“చెప్తే మీరు మా నాయనకు చెప్తారు.”

తలుపు పక్కన అటెండర్ బసప్ప తల వంచుకున్నాడు. సంగతి బయటపెట్టింది అతనే. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, పొద్దుగూకేసరికి ఎర్రదుమ్ము కొట్టుకున్న బట్టలతో తిరిగొచ్చే ఈ పిల్లవాణ్ణి చూసి అతనికి అనుమానం వచ్చింది. యశ్వంతనగర్ ఇనుప గనిలో పనిచేసే బావమరిదిని అడిగాడు. గని కూలీల గుడిసెల్లో ఒక పడుచు ఉంది. మట్టిపెళ్లలు విరిగిపడి మొగుడు పోయాడు. చంకలో చంటిబిడ్డ. ఇంద్రసేన బియ్యం మూట మోసుకుపోయి, ఆ ఇంట్లోనే అన్నం తిని, సాయంత్రందాకా బిడ్డను ఆడించి వస్తాడు.

“ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు సార్. నేనేం చిన్నపిల్లోణ్ణి కాదు, మొన్న ఎలక్షన్లో ఓటేసినా. తప్పు చేసింటే నన్నడగండి. నడమ మా నాయన్ని యాల తెస్తారు?”

“ఓటుంటే సర్కారుకు పెద్దోడివప్పా. కన్నవాళ్లకు ఎప్పుడూ పిల్లోడివే.”

శివరామకృష్ణయ్యకు సోమప్ప మాట గుర్తొచ్చింది. దేశనూరులో పేరున్న రైతు. కూతురు కలరాతో పోయిందనీ, తనకు మిగిలింది వీడొక్కడేననీ, కంటికి రెప్పలా చూసుకోమనీ కొడుకును హాస్టల్లో చేర్చిననాడు చెప్పి పోయాడు. తెలివైన పిల్లవాడు. ఎవరో కూలీ విధవరాలి కోసం బతుకు బుగ్గి చేసుకుంటుంటే తనెలా ఊరుకుంటాడు?

“పో, చదువుకో పో.”

గుమ్మం దగ్గర ఇంద్రసేన ఆగాడు. “సార్, ఒక ప్రాణం మీ చేతిలో ఉండాది.”

ఈ వయసులో ప్రేమలో పడ్డ ప్రతివాడూ చస్తాననే అంటాడు. అయినా ఎందుకైనా మంచిదని శివరామకృష్ణయ్య వాడి గదికి బయట గొళ్లెం పెట్టించాడు. బసప్పను దేశనూరు బస్సెక్కించాడు.

మరునాడు సోమప్ప వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తలగుడ్డ చేత్తో పట్టుకుని అంతా నిలబడే విన్నాడు. కేకలు వేస్తాడనుకున్న మనిషి చివరికి బసప్ప వైపు తిరిగాడు.

“ఆ సచ్చిన మొగుని పేరేంది?”

“కనకప్పంట. కన్నడదోడు.”

సోమప్ప తలగుడ్డను మెల్లగా మడిచాడు.

“ఇల్లు యాడుండాది?”

“గుడిసెల వరసలో కడాకరిది.”

“నేను పోయి మాట్లాడొస్తా అయ్యవారూ. ఇంగ మావోడు ఆ దిక్కుకు పోడు.” వంగి దండం పెట్టాడు. “మా ఇంటి పరువు నిలబెట్టినారు.”

“పిల్లవాణ్ణి ఒకసారి చూసి పోండి. పైగదిలోనే ఉన్నాడు.”

“వానితో ఇప్పుడేం పని?”

పై కిటికీ ఊచలు పట్టుకుని “నాయనా! నాయనా!” అని ఇంద్రసేన అరుస్తున్నాడు. సోమప్ప తలెత్తకుండా గేటు దాటాడు. పాపం, సిగ్గుతో కొడుకు ముఖం చూడలేకపోయాడనుకున్నాడు శివరామకృష్ణయ్య. ఆ తర్వాత చాలాసేపు పైన తలుపు బాదుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పిచ్చి దిగడానికి టైము పడుతుంది అనుకుని ఆయన పాఠం చెప్పడానికి క్లాసుకు వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం బసప్ప వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“ఆ యమ్మ సచ్చిపోయింది సార్. గని గుంతలో పడుండాదంట. గట్టు మీద బిడ్డ ఏడుస్తాంటే కూలోళ్లు చూసినారు. కాలు జారిందని పోలీసోళ్లు అంటాండారు. బిడ్డ పక్కింటోళ్ల తావ ఉండాది.”

శివరామకృష్ణయ్య చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టాడు. సోమప్ప గట్టిగా నాలుగు మాటలు అని ఉంటాడు. అవమానం పట్టలేక దూకి ఉంటుంది. అంతే, అంతకంటే ఏముంటుంది? అలా అనుకున్నాక ఆయనకు కాస్త ఊపిరాడింది. మెట్లెక్కి తనే గొళ్లెం తీశాడు.

ఇంద్రసేన నేలమీద కూర్చుని ఉన్నాడు. చేతి వేళ్ల కణుపులు పగిలి నెత్తురు కట్టి ఉన్నాయి. విషయం చెబితే ఏడవలేదు.

“బిడ్డ?”

“బాగానే ఉందంట.”

“పోయి తెచ్చుకుంటా.”

“ఎవరి బిడ్డనో నువ్వెట్లా సాకుతావప్పా?” శివరామకృష్ణయ్య పక్కన కూర్చుని వీపు నిమిరాడు. “నేను నీ మంచే కోరినాను. నీ వయసులో ఇట్లాంటివి మామూలే. ఒక ఏడాది పోతే ఆమె ముఖం కూడా గుర్తుండదు. మీ నాయన మంచి సంబంధం చూస్తాడు. పెళ్లాం వచ్చిందంటే అన్నీ మరిచిపోతావు.”

ఇంద్రసేన ఆయన చేతిని వీపు మీదనుంచి తీసి పక్కన పెట్టాడు.

“ఆమె మా అక్క సార్.”