ఎలుకల తీర్పు

“తేలిపోయింది ఎలుకలమ్మా! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని పెద్దలు ఊరికే అన్నారా?” అంటూ డాక్టరుగారు కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పడేశారు.

బోను కడుగుతున్న ఎలుకలమ్మ చేతిలో బ్రష్ ఆగింది. పన్నెండేళ్లుగా ఆ ప్రయోగశాలలో ఎలుకలకు మేత వేసి, నీళ్ల సీసాలు మార్చి, తడిసిన పొట్టు ఎత్తిపోస్తోంది. అందరూ ఎలుకలమ్మా అనే పిలవడంతో అసలు పేరు ఆమెకే సరిగ్గా గుర్తు లేదు.

“ఏం తేలింది సార్?”

“పరుగు జాతి పిల్లల్ని పుట్టిన మర్నాడే బద్ధకం జాతి తల్లికి అప్పగించాం కదా? పెంపకానికి అంత బలమే ఉంటే ఈపాటికి ఓ మూల ముడుచుకుని కూర్చోవాలి. చూడు వాటి వరస!”

నాలుగో బోనులో పిల్లలు చక్రమెక్కి ఒకటే పరుగు. ఒకటి దిగితే ఇంకోటి ఎక్కుతోంది. పైనున్న కెమెరా ఎప్పటిలాగే ఎర్రగా మిణుకుమంటూ వాటిని చూస్తోంది.

“అంతా కన్నతల్లి పోలికే. పెంచినది ఏం పీకింది? ఇక మా బొంగరాన్ని వెనక్కి పంపేయడమే.”

బొంగరమంటే ఐదేళ్ల పాప. పెంచుకుందామని ఆర్నెల్ల కిందట డాక్టరుగారూ ఆయన భార్యా అనాథాశ్రమం నుంచి తెచ్చుకున్నారు. కాలు ఒకచోట నిలవదని ఆ ముద్దుపేరు ఎలుకలమ్మే పెట్టింది. ఉంచుకుంటారో, వద్దంటారో ఇవాళ సాయంత్రంలోగా ఆశ్రమానికి సంతకాలు పెట్టి చెప్పాలి.

“మరి అమ్మగారు ఒప్పుకున్నారా?”

“పాప పెంపకంతో దారికొస్తుందని ఇన్నాళ్లూ మా ఆవిడ మొండిపట్టు. చివరికి, ఎలుకలు ఏం చెబితే అదే చేద్దామని ఇద్దరం అనుకున్నాం. మాట తప్పే మనిషి కాదు. ఈ కాగితం చూపిస్తే సంతకం పెట్టేస్తుంది.”

ఎలుకలమ్మ కిటికీలోంచి కిందకు చూసింది. పాప కారు చుట్టూ గిరగిరా తిరుగుతోంది. అమ్మగారు పట్టుకోబోయి, పట్టుకోలేక, నవ్వుతూ వెంటపడుతోంది.

నెలన్నర కిందట ఆ బద్ధకం తల్లి, పరాయి వాసన గిట్టక, రెండు పిల్లల్ని కొరికి చంపేసింది. మిగిలినవి కళ్లు కూడా తెరవని నెత్తుటి గుడ్లలాంటి పసికూనలు. చూస్తూ చూస్తూ చంపుకోలేక ఎలుకలమ్మ వాటిని కన్నతల్లి దగ్గరికే చేర్చేసింది. బోను మీది చీటీ మార్చేసింది. అన్నీ తెల్ల ఎలుకలే, ఎవరు పోల్చుకుంటారులే అనుకుంది. ఆ చీటీకి ఒక పసిపిల్ల బతుకు ముడిపడి ఉందని ఆమెకేం తెలుసు?

చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే ఊడనీ.

“సార్, నన్ను చెప్పు తీసుకుని కొట్టండి. ఆ పిల్లలు పెంపుడు తల్లి దగ్గర పెరగనే లేదు. అది కొరుకుతోందని నేనే కన్నతల్లి బోనులో వేసేశాను. చీటీ కూడా మార్చాను.”

డాక్టరుగారు తలుపు వైపు చూశారు.

“మీ కాగితంలో ఉన్నదంతా తప్పు సార్! తల్లి మారలేదు, ఏమీ మారలేదు. మళ్లీ మొదట్నుంచి చేసి చూడండి. అందాకా పాపను పంపకండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను!”

ఆయన వెళ్లి గది తలుపు దగ్గరగా వేశారు. తిరిగొచ్చి కాగితాలు ఒక్కొక్కటే సర్ది సంచిలో పెట్టుకున్నారు. తలెత్తి కెమెరా వైపు చూశారు.

“తెలుసు. నువ్వు మార్చిన రోజే అందులో చూశాను,” అన్నారు నెమ్మదిగా. “నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. మా ఆవిడకి మాత్రం చెప్పకు.”