నాలుగో ఫొటోలోని పప్పు

"సర్టిఫికెట్ సంగతి పక్కన పెట్టు బాబూ, సైట్ పేరు చెప్పు," అంది వినీత మేడం, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటూ.

గిరీష్ మొహం చిన్నబోయింది. ఆ సర్టిఫికెట్‌కు లామినేషన్ కూడా చేయించుకొచ్చాడు పాపం. తాండూరు బజారులో సోమేశ్వర్ సేటు పప్పుల దుకాణానికి అతను చేసిన సైట్ అది, చేతికొచ్చిన మొట్టమొదటి పని. చూపులేనివాళ్లు కూడా వాడుకోవచ్చని సర్టిఫికెట్ ఉన్న రెడీమేడ్ థీమ్‌ను ఏరికోరి తెచ్చి మరీ కట్టాడు. వినీత మేడం వికారాబాద్‌లో చూపులేని ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. ఆమెకూ చూపు లేదు. తన పిల్లలు ఎవరి సాయమూ లేకుండా ఆర్డర్ పెట్టుకోగలిగిన దుకాణానికే ఏడాది పప్పు ఆర్డర్ ఇస్తానని కబురు చేసి, పొద్దున బండికి దిగి సేటు దుకాణానికి వచ్చింది. ఇది కుదిరితే బజారులోని మిగతా సేట్లు కూడా తనచేతే సైట్లు చేయించుకుంటారని గిరీష్ ఆశ.

"సర్టిఫికెట్ ఉన్న థీమ్ మేడం. మీ ఫోన్ అన్నీ చదివి వినిపిస్తది."

"సర్టిఫికెట్ గిన్నెకు బాబూ. అండ్ల మీరేం వండిండ్రో నేను రుచి చూడాలె గద!"

ఆమె ఫోన్ తెర మీద వేలు జరుపుతుంటే గిరీష్, సేటు పక్కకు జరిగి గుసగుసగా అడిగాడు.

"ఒక్కో ఫొటోకు వివరం రాసే బాక్సులున్నయి గద, నింపిండ్రా సేటూ?"

"ఒక్కటి సుత ఇడువలె. గవి గిరాకీకి కనవడవంటివి గద?"

"కనవడవు, కనవడవు."

గిరీష్ గుండె కుదుటపడింది. మధ్యాహ్నం పూట దుకాణం చూసుకునే సేటు భార్య సావిత్రమ్మ అందరికీ చాయ్ తెచ్చింది.

"సేటూ, మొదటి ఫొటోలది పోయినేటి పప్పు గద? కొత్తదాంట్ల కలిపిండ్రు," అంది వినీత.

సేటు చాయ్ పక్కన పెట్టేశాడు. "జర... జరంతనే మేడం."

"రెండోదాంట్ల రాళ్లేరుకోవాలె."

"గవి... ఎట్లైన ఉంటయి గద."

"మూడోది అసలు తాండూరు పప్పే కాదు."

సేటు తేలు కుట్టిన దొంగలా తక్కెడ తుడవడం మొదలెట్టాడు. సావిత్రమ్మ మాత్రం లెంపలేసుకుంది.

"ముట్టలె, వాసన సూడలె! కండ్లియ్యకుంటె దేవుడు ఇంకోటేదో ఇస్తడంటరు, నిజమేనమ్మా!"

"దేవుడు కాదమ్మా, నాకిది గిరీషే ఇచ్చిండు," అని కిలకిలా నవ్వింది వినీత.

గిరీష్‌కు ఏమీ పాలుపోలేదు. సర్టిఫికెట్‌కు ఇంత మహిమ ఉందని ఆ థీమ్ అమ్మినవాళ్లు కూడా చెప్పలేదు మరి!

"సైట్ మస్తుగుంది బాబూ, మా పిల్లలు అలకగ వాడుకుంటరు. ఆర్డర్ మీకే సేటూ," అంది వినీత. గిరీష్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. "కాకపోతే ఏడాదంతా మాకు నాలుగో ఫొటోల ఉన్న పప్పే పంపాలె."

వెలిగిన సేటు మొహం అంతలోనే మాడిపోయింది.

"అయ్యో, గదా మేడం... గది నిన్ననే ఒడిసిపోయింది. ఒక్క గింజ లేదు."

"గట్లనా?" అంటూ వినీత ఇయర్‌ఫోన్ వైరు పీకేసి, నాలుగో ఫొటో మీద వేలు పెట్టింది.

సేటు ఆ బాక్సులో రాసుకున్న వివరాన్ని ఫోన్ దుకాణమంతా వినపడేలా చదివింది: "సావిత్రీ, ఇది మనం ఇంట్ల వండుకునే పప్పు. ఎవరడిగినా నిన్ననే ఒడిసిపోయిందని చెప్పు."