రెండే పోస్టులు

“వీడెవడ్రా? ఎనిమిదేళ్లలో రెండే పోస్టులు!”

మేస్త్రి లాప్‌టాప్ తెర మీద వేలితో టకటకా కొట్టాడు.

పక్కన స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటున్న బావమరిది తొంగి చూశాడు.

“తాళం అని ఉంది బావా.”

“పేరుకు తగ్గట్టే నోటికి తాళమేసుకున్నాడు.”

ఇద్దరూ పగలబడి నవ్వారు.

అది లిఫ్టు మెకానిక్‌ల ఫోరం. మేస్త్రి తన విడిభాగాల కొట్లో కూర్చుని సొంతంగా మొదలుపెట్టింది. ఎక్కడ ఏ లిఫ్టు మొరాయించినా మెకానిక్ అక్కడి నుంచే ఫోన్‌లో అడుగుతాడు. తెలిసినవాళ్లు జవాబు రాస్తారు. సభ్యులు పదివేలు దాటారు. ఇక ఫోరం చూసుకోడానికి పెట్టుకున్న సిబ్బందిలో పనిచేసేవాళ్లెవరో, కూర్చుని ఆవులించేవాళ్లెవరో తేల్చెయ్యాలని మేస్త్రి ఆ ఉదయం నడుం కట్టాడు.

తేల్చడానికి ఆయన దగ్గరున్న కొలబద్ద ఒక్కటే. ఎవరెన్ని పోస్టులు రాశారు?

అందులో బావమరిదే మొదటివాడు. మూడువేల నూటపన్నెండు. వాటిలో మూడువేలు ‘సూపర్ బావా’, ‘కేక బావా’లే.

కుర్రాడు లిఫ్టుల పనిలోకొచ్చి ఏడాది కాలేదు. “నీ తమ్ముడి చేతికి గీత పడకుండా పని నేర్పిస్తా” అని మేస్త్రి భార్యకు మాటిచ్చాడు. ఆ నేర్పించేదేదో ఫోరమే నేర్పిస్తోందని ఆయన ధీమా.

మేస్త్రి తాళానికి మెసేజ్ కొట్టాడు.

“ఉన్నావా, పోయావా?”

“ఉన్నా.”

“ఏం చేస్తుంటావ్?”

“చూస్తుంటా.”

“చూస్తూ కూర్చోడానికి ఇదేమన్నా సినిమా హాలా? పాప్‌కార్న్ పంపించమంటావా, నిన్నే పంపించెయ్యమంటావా?”

అవతల ‘రాస్తున్నారు’ అంటూ మూడు చుక్కలు ఆడాయి. ఆగాయి. మళ్లీ ఆడాయి.

“నవల రాస్తున్నాడేమో బావా.”

నాలుగు నిమిషాలకు వచ్చింది ఆ నవల.

“తీసెయ్యకండి. పనుంది.”

“రెండు ముక్కలకి నాలుగు నిమిషాలు!” మేస్త్రి మొహం చేదు మింగినట్టయింది. “వేళ్లు కదపడానిక్కూడా బద్ధకమే వెధవకి.”

‘తొలగించు’ నొక్కాడు.

వెంటనే తెర మీద ఓ ప్రశ్న. ‘ఈయన దాచిన పోస్టులన్నీ మళ్లీ సభ్యులకు కనిపించాలా?’

“పోస్టే రాయనివాడు దాచేదేముంటుంది, వాడి మొహం!”

‘అవును’ నొక్కేశాడు.

అంతటితో ఊరుకుంటే మేస్త్రి ఎందుకవుతాడు? అందరూ చూసేలా ఒక ప్రకటన పెట్టాడు. “తుప్పు పట్టిన తాళం ఒకటి పారేశాం. కావలసినవాళ్లు ఏరుకోవచ్చు.”

రెండు వందల మంది నవ్వుల బొమ్మలు పెట్టారు. బావమరిది ‘కేక బావా’ అని రాశాడు. మూడువేల నూటపదమూడు.



తొమ్మిదో రోజు మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది.

“ఆసుపత్రికి రండి. తమ్ముడికి...” ఆ పైన ఏడుపే వినిపించింది.

మేస్త్రి వెళ్లేసరికి బావమరిది మంచం మీద ఉన్నాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. రెండు వేళ్లు తీసేశారట.

“గీత పడనివ్వనన్నారుగా,” అంది భార్య. ఆయన్ని చూడకుండా, గోడతో.

“ఏమైందిరా?”

“మూడో అంతస్తులో లిఫ్టు కదల్లేదు బావా. తలుపు దగ్గరి కాంటాక్టు పోయింది. ఫోరంలో వెతికితే జవాబు దొరికింది. వైరు ముక్కతో కలిపెయ్యమని. కలిపా. చెయ్యి ఇంకా సందులో ఉండగానే కదిలిపోయింది.”

మేస్త్రి మంచం మీదికి వంగాడు. తలుపు తెరిచి ఉన్నప్పుడు లిఫ్టు కదలకుండా ఆపేదే ఆ కాంటాక్టు. దాన్ని కలిపెయ్యమంటాడా!

“ఏ గాడిద రాశాడ్రా ఆ జవాబు? వాడి పేరు చెప్పు, ఇప్పుడే గెంటేస్తా.”

బావమరిది వింతగా చూశాడు.

“నువ్వే కదా బావా!”

మేస్త్రి వరండాలోకొచ్చి, గోడకు ఆనుకుని ఫోన్ తెరిచాడు. ఎనిమిదేళ్లలో ఒక్కసారీ తెరవని పేజీ తెరిచాడు. ఎవరు ఏ పోస్టు ఎప్పుడు దాచారో చెప్పే జాబితా అది.

రెండువేల ఆరువందల నలభై జవాబులు. ఒకదాన్ని మించిన తెలివితక్కువ సలహా ఇంకొకటి. ఒక్కటి తప్ప అన్నీ వచ్చిన నిమిషాల్లోనే మాయం. దాచింది తాళం. ‘కారణం’ అన్నచోట అన్నిటికీ ఒకటే మాట. ‘చెయ్యి పోతుంది.’

దాచడానికి ఒక్క నొక్కు చాలు. దాన్ని ఫోరం పోస్టుగా లెక్కెయ్యదు.

ఇప్పుడవన్నీ పదివేల మంది కళ్ల ముందున్నాయి. తను నొక్కిన ఒక్క ‘అవును’తో.

జాబితాలో అన్నిటికన్నా పాతదైన ఆ ఒక్కటీ తన జవాబే. “వైరు ముక్కతో కలిపెయ్, పరిగెడుతుంది. నేను రోజూ చేసే పనే!”

అడిగిందెవరు? దాన్ని తెరిచి పైకి జరిపాడు.

తాళం. అది అతని మొదటి పోస్టు.

కిందికి జరిపాడు. నెల తర్వాత రాసిన రెండో పోస్టు. దాని పక్కనే, చివరి ముక్క ఒక్కటే చదివి ఆ రోజు తను పెట్టిన బొటనవేలి బొమ్మ.

“మేస్త్రిగారూ, లిఫ్టు నడిచింది, జవాబు ఆలస్యమైనందుకు ఏమనుకోకండి, కుడిచేతికి వేళ్లు లేవు, ఎడమచేత్తో ఇంకా అలవాటు కాలేదు, ఇక మీద ఇక్కడికొచ్చే జవాబులు నన్ను చూసుకోనిస్తారా?”