యోనా కట్టేసిన నీళ్లు

పండగలో తాగి గంతులేసేవాడి పేరు సంఘం పుస్తకంలో ఉండవచ్చునా? మీ పాస్టరుగా అడుగుతున్నా, మీరే చెప్పండి.

బయమ్మ కొడుకు యోనా గుంతకల్లు రైలు షెడ్డు నుంచి పని నేర్చుకోవడానికి ఫ్రాన్సు వెళ్లాడు. అక్కడి వేసవి పండగ గురించి వాడు రాసిన కార్డు ఆమెకు నేనే చదివి వినిపించాను. బ్యాండు, నాట్యాలు, ద్రాక్షసారాయి!

"బైబిల్లో దానియేలు, రాజు ఇచ్చే ద్రాక్షారసం ముట్టలేదమ్మా. నీ కొడుకు పీపాలోనే పడినాడు. ఆదివారం వాని పేరు కొట్టేస్తా," అన్నాను.

"కడదాకా సదువప్పా," అంది.

చదివాను. "నడివీధిలో రాతిబొమ్మ నోట్లోంచి నీళ్లు ఊరికే పోతాండాయి. ఎవరో మరిచినారని చక్రం తిప్పి కట్టేసినానమ్మా. పండగ జనమంతా పడీపడీ నవ్వినారు."

"సూడు, తాగుబోతు చేష్ట!" అన్నాను.

"తాగినోని కంటికి నీళ్లు పారిపోయేది కనపడ్తాదా అప్పా?"

ఆమె వాకిట్లో తొట్టి ఖాళీగా కనపడింది. ఆ పొద్దునే, మన ఉజ్జీవ సభల పందిట్లో దుమ్ము అణగాలని, ఆమె తన ఇంటికని రెండు మైళ్లు మోసుకొచ్చిన నీళ్లు నేల మీద చల్లించింది నేనే. చూస్తూ మీలో ఒక్కరూ వద్దనలేదు.

తాగి ఉన్నది మనం! పాటలు తర్వాత. లేవండి, కడవలెత్తండి, ఈ పొద్దు గూకేలోగా బయమ్మ తొట్టి నింపండి!